బుధవారం, చివరి బెంచీ

అత్తగారు ప్రార్థనలో ఉన్నంతసేపూ వంటింట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే కోడలికి ఆ సంగతి తెలిసింది. చేతిలోని గరిట జారి కింద పడితే, లోపలి గదిలో ప్రార్థన ఆగి, "అమ్మాయ్, దేవుడితో మాట్లాడుతున్నాను," అని వినిపించింది. ఈ పద్దెనిమిదేళ్లలో ఆమె చప్పుడు లేకుండా వంట చేయడం నేర్చుకుంది. మూతలు గుడ్డ మీద బోర్లిస్తుంది. కుళాయి సన్నగా తిప్పి, నీళ్లు గిన్నె అంచు మీదుగా జారేలా పడుతుంది. తుమ్మొస్తే పెరట్లోకి పరుగెత్తుతుంది. మూడు డబ్బాలు సర్ది, భర్త చొక్కా ఇస్త్రీ చేసి, అత్తగారి మాత్రలు ఉదయానివి ఒక మూతలో, మధ్యాహ్నానివి ఇంకో మూతలో పెట్టి, ఏడున్నరకు బస్సెక్కితే గాని ఎనిమిదింటికి ఆస్పత్రి ల్యాబులో ఉండలేదు. దేవుడితో మాట్లాడే తీరిక ఆ ఇంట్లో అత్తగారికి ఒక్కరికే ఉంది. తనకు ఎప్పుడైనా దేవుడు గుర్తొచ్చినా, ఆయన లోపలి గదిలో అత్తగారితో పనిలో ఉంటాడులే అనుకుని ఊరుకునేది.

ఆ ఏడు కూతురు పదో తరగతి. చిన్నప్పుడు ఒక్కచోట నిలబడకుండా ఇల్లంతా గిరగిరా తిరుగుతోందని తాతగారు బొంగరం అని పిలిచేవారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆ బొంగరం కొన్ని నెలలుగా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటోంది. పిలిస్తే వస్తుంది, పెడితే తింటుంది, అడిగితే ఊఁ అంటుంది. ఈ ఈడు పిల్లలంతా ఇంతేలే అనుకున్నారు ఇంట్లో. అర్ధసంవత్సర పరీక్షల మార్కులు వచ్చాక ఆ మాట అనుకోవడానికి లేకపోయింది. ఆరింట్లో నాలుగు సున్నాలు. లెక్కల్లో కూడా.

హెడ్‌మాస్టరు భార్యాభర్తలిద్దర్నీ పిలిపించాడు. మాట్లాడినంతసేపూ భర్తతో మాట్లాడాడు, తప్పెవరిదన్న చోటల్లా ఆమె వైపు చూశాడు. తమ బడిలో పబ్లిక్ పరీక్ష తప్పిన పిల్లలు ఇంతవరకూ లేరనీ, ఈ అమ్మాయికి వేరే చోటైతే ఒత్తిడి తక్కువగా ఉంటుందనీ, అందరి మంచికోసమే చెబుతున్నాననీ అన్నాడు. టీసీ అప్పటికే రాసి, మడిచి, కవరులో పెట్టి ఉంది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ భర్త అన్నాడు, "పొద్దున బడి దగ్గర దింపడం నా పని. ఒక్కరోజు తప్పకుండా దింపాను. లోపల ఏం చదువుతోందో చూసుకోవాల్సింది ఎవరు?"

అత్తగారు తన వంతు మాట కలిపింది. తల్లి కళ్లు పొద్దస్తమానం మైక్రోస్కోపులో ఉంటే ఎదురుగా ఉన్న పిల్ల ఎలా కనిపిస్తుందని.

ఆమె పొయ్యి ముందు నిలబడి కూర కలుపుతూ, నిజంగానే ఎక్కడ తప్పిపోయానా అని వెనక్కి వెతుక్కుంటూ పోయింది. తను ఎప్పుడూ క్లాసులో మొదటే. ఊరు మొత్తం మీద మొదట వచ్చిన ఏడాది పేపరువాళ్లు ఫొటో కూడా తీసుకెళ్లారు. ఆ సంగతి ఇప్పటికీ ఇంటికి ఎవరైనా వస్తే అత్తగారే చెబుతుంది, "మా కోడలు క్లాసులో ఫస్టు," అని. సరిగ్గా ఆ మాట అనేటప్పటికి కోడలు కాఫీ పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంటుంది. వచ్చినవాళ్లు కప్పు అందుకుంటూ, "అవునా," అంటారు. అటువంటి తల్లి కడుపున పుట్టి లెక్కల్లో సున్నా ఏమిటి? పోనీ, తను రోజుకో గంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే? ఏ గంట? ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి పది దాకా ఎన్నిసార్లు మడిచినా ఆ గంట ఎక్కడా దొరకలేదు. దొరకకపోవడం కూడా తన తప్పేనేమో అనిపించింది.

ప్రార్థనాలయం వెనక ఉన్న బడి మాట ఎత్తింది అత్తగారే. బళ్లు వద్దన్న పిల్లల్ని పెద్దక్క చేరదీస్తోందనీ, పబ్లిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టిస్తోందనీ, ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతో ముగిస్తారనీ, ఆదివారం అక్కడ ఇద్దరు ముగ్గురు తల్లులు తమ పిల్లలు బాగుపడ్డారని ఏడుస్తూ సాక్ష్యం చెప్పారనీ అంది. భర్తకు అంతగా నచ్చలేదు. ఆఫీసులో ఎవరైనా అడిగితే ఏ బడి పేరు చెప్పాలన్నది అతని బాధ. వేరే దారి లేక సరే అన్నాడు.

పెద్దక్క డెబ్బై ఏళ్ల మనిషి. ఒకప్పుడు పెద్ద కాన్వెంటులో నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన సిస్టరు. అక్కడ రిటైరయ్యాక, ప్రార్థనాలయం వెనక సామాను వేసుకునే రేకుల షెడ్డు అడిగి తీసుకుని, అందులో ఇరవై ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టింది. బెంచీలు నాలుగైదు చోట్ల నుంచి వచ్చినవి, అందుకని ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. రెండేసిసార్లు తప్పినవాళ్లు, కొట్లాడి పంపేయబడినవాళ్లు, నత్తి ఉందని నోరు విప్పనివాళ్లు, బిడ్డ పుట్టాక మళ్లీ చదువుకోవాలని వచ్చిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె. పెద్దక్క బొంగరాన్ని పరీక్షలేమీ పెట్టలేదు. ఏ బెంచీ నచ్చిందో అడిగి అక్కడ కూర్చోమంది. తల్లిదండ్రులకు మాత్రం ఒక షరతు పెట్టింది. ప్రతి బుధవారం రెండింటి నుంచి మూడింటి దాకా తల్లో తండ్రో వచ్చి చివరి బెంచీలో కూర్చోవాలి. పిల్లకు చెప్పొద్దు, సలహాలివ్వొద్దు, ఊరికే కూర్చోవాలి.

భర్త వెంటనే, "నాకు ఆఫీసు ఉంటుంది కదండీ," అన్నాడు పెద్దక్కతో. నాకూ ఉంటుంది అన్న మాట ఆమె గొంతు దాకా వచ్చి, అలవాటైన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

ల్యాబులో ఆ గంట అడగాల్సింది చిన్నసారును. ఆరేళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు అతనికి గాజు పలక మీద రక్తపు చుక్క పల్చగా పరచడం కూడా చేతకాదు. ఆమే చెయ్యి పట్టుకుని నేర్పింది. ఆ అర్ధసంవత్సర పరీక్షల రోజుల్లోనే ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయితే పెద్ద డాక్టరమ్మ ముందుగా ఆమెనే పిలిచి అడిగింది. ఇన్‌ఛార్జి అంటే పొద్దున ఆరింటికే ల్యాబు తెరవాలి. ఆ సాయంత్రం అందరూ భోజనాల దగ్గర ఉండగా ఇంట్లో చెబితే, భర్త, "ఈ ఇంటికే ఇన్‌ఛార్జివి, మళ్లీ ఇంకో ఇన్‌ఛార్జి ఎందుకు?" అన్నాడు. అత్తగారికి నవ్వాగలేదు. మాట సరదాగానే అన్నాడు, ఆమె కూడా నవ్వేసింది. మర్నాడు డాక్టరమ్మతో కుదరదని చెప్పింది. చిన్నసారు ఇన్‌ఛార్జి అయ్యాడు. ఇప్పుడు బుధవారం గంట అడిగితే అతను తల పైకెత్తకుండా, "మీకెప్పుడూ ఏదో ఒక ఇంటి గొడవే మేడమ్," అన్నాడు. చివరికి ఇచ్చాడు, బుధవారాలు ఒక గంట ముందుగా రమ్మని. బుధవారాలు ఆమె మూడున్నరకే లేవడం మొదలుపెట్టింది.

మొదటి బుధవారం చివరి బెంచీలో మరో ఇద్దరు తల్లులు, లారీ డ్రైవరు తండ్రి ఒకడు ఉన్నారు. పెద్దక్క పుస్తకాలేవీ లేకుండా నిలబడి చాలా చిన్న ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ పిల్లలు నీ పిల్లలు. మా చేతుల్లో పెట్టావు. మేం పాడు చేయకుండా చూడు." తర్వాత పది నిమిషాలు అందరూ మౌనంగా కూర్చోవాలని చెప్పింది. చివరి బెంచీలో ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. వాటిలో ఏమీ లేదు. చాకు లేదు, గుడ్డ లేదు, సూది లేదు, బస్సు కడ్డీ లేదు. రెండు చేతులూ ఎవరివో అయినట్టు వాటిని చూసింది. ఈ మౌనం కోసం ఎవరూ ఆమెను చప్పుడు చేయకుండా ఉండమని అనడం లేదు. ఇది ఆమె కోసం కూడా. ఆ ఆలోచన సగంలో ఉండగానే నిద్ర ముంచుకొచ్చింది. మెలకువ వచ్చేసరికి చెంప బెంచీ మీద ఉంది, నోటి చివర తడి, ఇరవై ఇద్దరు పిల్లలు వెనక్కి తిరిగి చూస్తున్నారు. బొంగరం మాత్రం చూడలేదు. దాని చెవులు ఎర్రగా ఉన్నాయి.

ఆమె లేచి క్షమించమని అడగబోయింది. పెద్దక్క చెయ్యెత్తి కూర్చోమంది. "ఇక్కడికొచ్చే తల్లులు మొదటి వారం నిద్రే పోతారమ్మా. తండ్రులైతే ఫోను చూసుకుంటారు." లారీ డ్రైవరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. పిల్లలు నవ్వారు.

రెండో వారం కూడా ఆమె నిద్రపోయింది. మూడో వారం మెలకువగా ఉండి, ప్రార్థన చేద్దామని చూస్తే ఏం అడగాలో తెలియలేదు. అడగడం అలవాటు తప్పిపోయిందని అర్థమై, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగో వారం ఒక్క ప్రశ్న అడగగలిగింది. నా పిల్లకు ఏమైంది?

ఆ రోజే గమనించింది. క్లాసు నడుస్తుండగా, ఆ పంతొమ్మిదేళ్ల అమ్మాయి లెక్క రాక పెన్సిలు కొరుకుతుంటే, బొంగరం జరిగి కూర్చుని చెబుతోంది. గొంతు తగ్గించి, ఒక్కో మెట్టూ దిగుతూ. తప్పు ఎక్కడ జరుగుతుందో ముందే తెలిసినదానిలా ఆ అమ్మాయి వేలు అక్కడ ఆపుతోంది. తనకు రాని లెక్క ఎవరూ ఇంకొకరికి అలా చెప్పలేరు. క్లాసు అయ్యాక పెద్దక్క ఆమెను ఆగమని, పాత బడి నుంచి తెప్పించిన పరీక్ష పేపర్లు బల్ల మీద పరిచింది. నాలుగూ ఖాళీ కాగితాలే. చుట్టూ స్కేలు పెట్టి గీసిన మార్జిను, పైన ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు, నంబరు, తేదీ. కింద ఒక్క అక్షరం లేదు.

"రాని పిల్లలు ఏదో ఒకటి గీకుతారమ్మా," అంది పెద్దక్క. "నలభై ఏళ్లు దిద్దాను, నాకు తెలుసు. ఈ పిల్ల రాయదలుచుకోలేదు. ఎందుకో నేను అడగలేదు. అడగాల్సింది నేను కాదనిపించింది."

మామూలుగా బుధవారాలు మూడింటికి ఆమె పరుగున ల్యాబుకు వెళ్లేది. ఆ రోజు చిన్నసారుకు ఫోను చేసి సగం రోజు సెలవు అంది, అతను ఏమన్నాడో వినకుండా పెట్టేసింది. తల్లీకూతుళ్లు బస్టాపులో కూర్చున్నారు. ఒక బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ వెళ్లిపోయింది. బొంగరం ఆశ్చర్యంగా చూసింది. అమ్మ బస్సు వదిలేయడం అది ఎప్పుడూ చూడలేదు.

"పేపర్లు చూశాను," అంది ఆమె. "నీకు అన్నీ వచ్చు. ఎందుకు రాయలేదమ్మా?"

బొంగరం బ్యాగు పట్టీ మెలితిప్పింది. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. ఏడవలేదు కూడా. ఎన్నాళ్లుగానో మనసులో రాసుకున్న జవాబు చదువుతున్నట్టు చెప్పింది.

"లెక్కల పరీక్ష ముందురోజు, నువ్వు ఇన్‌ఛార్జి పోస్టు గురించి చెప్పావు గుర్తుందా? నాన్న జోకు వేశాడు. నానమ్మ నవ్వింది. నువ్వు కూడా నవ్వావమ్మా. అప్పటిదాకా ఇవన్నీ నువ్వు మనసులో ఒప్పుకోవేమో అనుకున్నా. నవ్వి, నాన్నకి కూర వడ్డించావు. పొద్దున పరీక్షలో కూర్చున్నాక మొదటి లెక్క చూశా. ఈజీ. రాస్తే ఏమవుతుంది అనుకున్నా. ఫస్టు వస్తా. నువ్వు ఫస్టేగా. ఫస్టు వస్తే ఇదేగా. అందరూ తిన్నాక తినడం, ఆఫీసులో చేసి మళ్లీ ఇంట్లో చేయడం. అంత చదివి ఇదైతే చదవకుండా ఇదవడం సులువు కదా. పెన్ను కింద పెట్టేశా. హాయిగా అనిపించింది. తర్వాత పరీక్షల్లోనూ అంతే."

తర్వాత కాస్త భయపడ్డట్టు, "నిన్ను అనాలని కాదు," అంది.

ఎదుటి రోడ్డు మీద ఎవరో సైకిలు మీద పాల డబ్బాలు కట్టుకుని వెళ్తున్నారు, వాటిని కనుమరుగయ్యేదాకా ఆమె చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఆమెకు ఒక లెక్క ఉండేది. తను నోరు మూసుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటే పిల్ల చదువుకుంటుంది, చదువుకుంటే తనలా కాకుండా బతుకుతుంది. అలసటంతా ఆ చివరి మాట కోసం. రోజూ వందల మంది రక్తం చూసి ఎవరికి ఏముందో రిపోర్టు రాసే మనిషి, ఎదురుగా కూర్చుని ఒక పిల్ల పదహారేళ్లుగా తనను పరీక్షిస్తోందని తెలుసుకోలేకపోయింది. ఆ పిల్ల ఆమె త్యాగాన్ని చూడలేదు. ఆమె నవ్వును చూసింది. చూసింది చూసినట్టు రిపోర్టు రాసింది, ఖాళీ కాగితం మీద. ఆమెకు కోపం రావాలి, రాలేదు. సిగ్గు వచ్చింది. కాసేపటికి ఆ సిగ్గు అడుగున ఇంకేదో కదిలింది. ఈ ప్రపంచంలో తన గురించి ఇంత ఆలోచించిన మనిషి ఒకరున్నారని.

మూడో బస్సు వచ్చింది. "పద," అంది. ఎక్కాక, కూతురి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

తర్వాత నెల చిన్నసారుకు వేరే పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. పోస్టు చేపట్టి ఐదు నెలలు కూడా కాలేదు. ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు రాసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ కళ్లద్దాల మీదుగా చూసి, ఈసారి మనసు మారదు కదా అని అడిగింది. మారదని చెప్పింది. వారం తర్వాత ఉత్తర్వు చేతికొచ్చింది.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నాక ఆమె కూడా కంచం పెట్టుకుని కూర్చుంది. అదే ఒక వింతైంది. అత్తగారు ఏమైనా ఒంట్లో బాలేదా అని అడిగింది. బాగానే ఉందని, ఒకటో తారీకు నుంచి తను ఇన్‌ఛార్జినని, పొద్దున ఐదున్నరకు వెళ్లిపోతానని, బుధవారం తనకిక కుదరదు కాబట్టి బడిలో చివరి బెంచీ ఆయనదని చెప్పింది. మధ్యాహ్నమంతా ల్యాబులో మనసులో అనుకున్న వరసలోనే చెప్పింది.

భర్త చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నన్నడక్కుండానా?"

"అడిగితే జోకు వేస్తారని," అంది.

ఎవరూ నవ్వలేదు. బొంగరం తల దించుకునే ఉంది గాని తినడం ఆపేసింది. భర్త పొద్దున వంట సంగతి, డబ్బాల సంగతి, తన ఆఫీసులో పని సంగతి వరసగా చెప్పుకొచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. ఎన్నడూ చెయ్యెత్తలేదు, గట్టిగా అరవలేదు. ఇల్లు ఎలా నడుస్తుందో పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తెలుసుకోవలసిన అవసరం రాని మనిషి, అంతే. ఆ మాటలన్నీ అయ్యేదాకా ఆమె విన్నది. జవాబు మాత్రం చెప్పలేదు, సర్దిచెప్పడానికి ఒక్క దారీ చూపించలేదు. ఆ నిశ్శబ్దం అతనికి కొత్త.

మాట్లాడింది అత్తగారు. "బుధవారం నేను వెళ్తాలేరా."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కంచంలోకి చూస్తూ, తనను ఐదో తరగతిలో మానిపించారనీ, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి లేకపోయిందనీ, ఆ ఏడు లెక్కల పుస్తకం సగం దాకానే చదివాననీ అంది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కొడుక్కీ తెలియదు. "వెనక బెంచీలో కూర్చుంటే ముసలిదాన్ని వెళ్లగొట్టరు కదా అమ్మాయ్?"

ఇన్నేళ్లూ లోపలి గదిలో అంతసేపు ఈవిడ దేవుడితో ఏం మాట్లాడుతోందో అని విసుక్కున్న రోజులు కోడలికి గుర్తొచ్చాయి. ఇంకొకప్పుడైతే సరే అత్తయ్యా అని ఊపిరి పీల్చుకునేది. మాట సర్దుకుపోయేది, బుధవారం మళ్లీ ఒక ఆడమనిషి మీదికే పోయేది.

"వెళ్లగొట్టరు అత్తయ్యా. మీరూ రండి," అంది. "ఆయనా వస్తారు."

అన్నీ ఒక్కరోజులో మారిపోలేదు. మొదటి వారం రెండుసార్లు కూర మాడింది. భర్త రెండు బుధవారాలు ఎగ్గొట్టాడు. మూడో బుధవారం అత్తగారే అతని ఆఫీసుకు ఫోను చేయించి పిలిపించింది. చివరి బెంచీలో అతను ఆ రోజంతా ఫోనే చూసుకున్నాడట. అత్తగారు మాత్రం పెద్దక్క దగ్గర పలక తీసుకుని, భిన్నాలు ఎక్కడ ఆగిపోయాయో అక్కడి నుంచి మొదలుపెట్టింది. తెల్లవారి ఐదింటికి ఆవిడ ప్రార్థనా, ఈవిడ తయారవడమూ ఒకే వేళకు పడ్డాయి. గిన్నెలు చప్పుడవుతూనే ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు.

బొంగరంతో ఆమె పరీక్ష మాట ఎత్తలేదు. రాస్తావా అని అడగలేదు. ఒకరోజు ల్యాబుకు తీసుకెళ్లి, మైక్రోస్కోపు ముందు తన కుర్చీలో కూర్చోబెట్టి, కణాలు ఎలా లెక్కపెడతారో చూపించింది. బొంగరం ఒక గడిలో తప్పు లెక్కపెడితే, "మళ్లీ చూడు," అంది అంతే. ఎవరో కుర్ర టెక్నీషియను వచ్చి, "ఇన్‌ఛార్జి గారూ, సంతకం," అని కాగితం ముందు పెట్టినప్పుడు కూతురు ఓరకంట చూడటం ఆమె గమనించింది.

పబ్లిక్ పరీక్షలు మొదలయ్యాయి. లెక్కల పరీక్ష రోజు ఆమె ఐదుంబావుకు తయారయ్యేసరికి బొంగరం ఇంకా నిద్రలో ఉంది. బల్ల మీద రెండు పెన్నులు, స్కేలు, హాల్ టికెట్టు వరసగా పెట్టి ఉన్నాయి, ఎవరూ చెప్పకుండానే. భర్త తనే దింపుతానని ముందురోజే చెప్పాడు. నిద్రలేపుదామా అని ఒక్క క్షణం గుమ్మంలో ఆగింది. మిగతా పిల్లల తల్లులందరూ ఈరోజు సెలవు పెడతారు, గేటు బయట నీళ్ల సీసాతో మూడు గంటలు నిలబడతారు. ఆమెకూ నిలబడాలని ఉంది, కాళ్లు లాగుతున్నాయి. దుప్పటి సరిచేసి బయటికి వచ్చింది.

తొమ్మిదిన్నరకు ల్యాబులో రద్దీ బాగా ఉన్నప్పుడు డాక్టరమ్మ రిపోర్టుల కోసం వచ్చింది. గడియారం వైపూ ఆమె వైపూ చూసింది.

"ఈరోజు మీ అమ్మాయికి లెక్కల పరీక్ష కదా? మొన్న ఈ పరీక్షలోనే కదా సున్నా వచ్చిందన్నావు. సెలవు పెట్టుకోలేకపోయావా?"

ఆమె చేతిలోని రిపోర్టు కింద తన సంతకం పూర్తి చేసి, కాగితం డాక్టరమ్మకు అందించింది.

"ఆ పరీక్ష ఉందనే పెట్టలేదండీ," అంది.